కర్ర అందేదాకా

ఆ వేసవిలో మమ్మల్ని తిట్టని నోరు లేదు. తిట్లు నాకు లెక్కలోవి కావు, ఒకటంటే పది తిరిగి అప్పజెప్పేదాన్ని. మా రోడ్డుపని గ్యాంగులో నా పేరే ఫిరంగి. కట్టుకున్నవాడు నా నోటికి జడిసే పారిపోయాడని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ ఆ వేసవి తిట్లతో ఆగలేదు.

కొండ మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చేసే పని. కొండవైపు సగం తవ్వేశారు. లోయవైపు మిగిలిన సగంలోనే పైకెళ్ళేవి, కిందికొచ్చేవి వంతులవారీగా పోవాలి. కింది చివర నేను, పై చివర మా తమ్ముడు. ఇద్దరి చేతుల్లోనూ పొడవాటి గొట్టానికి బిగించిన గుండ్రటి బోర్డు, ఒకవైపు ఎర్రగా ‘ఆగు’, రెండోవైపు పచ్చగా ‘వెళ్ళు’. మధ్యలో మలుపు అడ్డం. వాడికి నేను కనపడను, నాకు వాడు కనపడడు. ఆ కొండ చాటున ఫోను కూడా పలకదు. అందుకే మాకు కర్ర ఇచ్చారు.

మూరెడు కర్ర, దాని మీద తెలుపూ ఎరుపూ పట్టీలు. నేను బండ్లు వదిలినప్పుడు వరసలో ఆఖరి డ్రైవరు చేతికి దాన్ని ఇవ్వాలి. అతను పైన తమ్ముడికి అందిస్తాడు. కర్ర చేతికొచ్చిందంటే దారి ఖాళీ అయినట్టు. అప్పుడు వాడు తనవైపు బండ్లు వదిలి, ఆఖరి బండితో కర్ర నాకు పంపుతాడు. కర్ర చేతిలో లేనివాడు బోర్డు పచ్చకి తిప్పకూడదు.

మొదటిరోజే సేఫ్టీ సారు మమ్మల్ని ఎండలో నిలబెట్టి చెప్పాడు. ఆయన పొట్ట మీద ఆ పసుపు జాకెట్టు గుండీలు ఎప్పుడూ పడేవి కావు.

“కనపడని రోడ్డు మీద మనిషి ఉన్నాడనే అనుకోవాలి. లేడని చెప్పాల్సింది కర్ర, మీ బుర్ర కాదు. నిలబడ్డచోట పక్కకి దూకడానికి జాగా చూసుకోండి. బండికి వీపు చూపించకండి. హెచ్చరిక బోర్డుల కాళ్ళ మీద రాళ్ళు పెట్టకండి, ఇసుక బస్తాలే పెట్టాలి. బండి గుద్దితే రాయి ఎగిరి ఎవడో ఒకడి తల పగులుతుంది.”

గుద్దకపోయినా ఎగురుతుందని ఆ వారంలోనే తెలిసింది. ఎవడో వెనకటి పనివాళ్ళు వదిలేసిన రాయి తీసి నా మీదకి విసిరాడు. బంపరుతో మోకాలు నెట్టినవాళ్ళున్నారు, కిటికీలోంచి ఉమ్మినవాళ్ళున్నారు, వేడి టీ గ్లాసు మొహాన కొట్టిన మహారాజు ఒకడు. ఇంకో రకం మరీ దొంగలు. ఆఖరి బండి అని కర్ర చేతికిస్తే, మధ్య దారిలో లోయలోకి విసిరేసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. కర్ర రాక తమ్ముడు అక్కడ, నేను ఇక్కడ, అటూ ఇటూ బండ్లు గొంతులు చించుకునేవి. చివరికి గ్యాంగులో ఒకడు నడుచుకుంటూ వెళ్ళి దారి చూసొచ్చి కొత్త కర్ర ఇచ్చేదాకా అంతే.

ఆ బాధ తీర్చినవాడు ట్యాంకరు మామయ్య. దుమ్ము అణగడానికి కింద వాగునుంచి నీళ్ళు తెచ్చి పైన చల్లేవాడు. మాకు చుట్టమేం కాదు, పిలుపే చుట్టరికం. నేను కోడల్ని, తమ్ముడు అల్లుడు. వరసలో ముందున్నా సరే, అందర్నీ పోనిచ్చి ఆఖర్న కదిలేవాడు, కర్ర కోసం.

“తే కోడలా ఆ రాజదండం. మా అల్లుడి చేతిలో పెడితేగానీ నాకు నిద్రపట్టదు,” అని దాన్ని అద్దం ముందు నిలబెట్టి, పాడుకుంటూ పోయేవాడు. గొంతు గాడిదకి అప్పిచ్చినట్టుండేది, అయినా పాటకి మాత్రం లోటు చేసేవాడు కాదు.

మా తమ్ముడి సంగతి చెప్పాలి. గ్యాంగులో వాడి పేరు వెన్నముద్ద. వచ్చే ప్రతి బండికీ “ఆగండి బాబూ” అని చెయ్యెత్తి దణ్ణంలాంటిది పెట్టేవాడు. తిట్టినవాడిక్కూడా పచ్చ తిప్పేటప్పుడు “జాగ్రత్తండీ” అనేవాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా.

ఒకరోజు మధ్యాహ్నం పైనుంచి వచ్చిన కర్రకి తారు అంటుకుని ఉంది. తెచ్చినవాడు ఒక వ్యాను డ్రైవరు, నా మొహం చూడకుండా చేతికిచ్చి పోయాడు. కర్ర పట్టుకుంటే జిగురుగా ఉంది. తారుతోపాటు ఇంకేదో పలచగా పొరలాగా ఉంది. అది చర్మం అని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

బోర్డు గ్యాంగువాడికి అప్పజెప్పి పరిగెత్తాను. తమ్ముడు నిలబడే ఉన్నాడు. ఎడంచేత్తో బోర్డు, కుడిచెయ్యి నీళ్ళ బకెట్లో. క్వారీ జీపువాడు వచ్చాడట. మా పనికి కంకర వచ్చేది ఆ క్వారీనుంచే, దాని మనిషి వాడు. ఆగమంటే దిగి చెంప మీద కొట్టాడు. తమ్ముడు కదల్లేదు. నెడితే అప్పుడే పోసిన తారు మీద చెయ్యి ఆనించి పడ్డాడు. జీపువాడు ఆ చేతిమీద బూటు పెట్టి, “ఇప్పుడు ఆపరా” అన్నాడట.

“మరి నువ్వేం చేశావురా?”

“జీపు పోయాక లేచానక్కా. ఎదురుగా ఏదీ రావట్లేదు అదృష్టం.”

“నీకు అదృష్టం అది! చేతిలో గొట్టం ఉందిగా, నెత్తిన ఒకటివ్వలేకపోయావా?”

“అది బోర్డు కదా,” అన్నాడు.

దాడి జరిగితే పని ఆపేసి ఫిర్యాదు చెయ్యాలని రూలు. ఆపితే వానలు మొదలవుతాయి, క్వారీ కంకర ఆపుతుంది. బోర్డు మా బాధ్యతట, మేము సేఫ్టీ సారు బాధ్యతట, సారు కాంట్రాక్టరు బాధ్యతట, కాంట్రాక్టరు ఎవరి బాధ్యతో ఆ దేవుడికే తెలియాలి. చివరికి రోడ్డు పక్కన ఒక కొత్త బోర్డు వెలిసింది: ‘పనిలో ఉన్నవారిపై చేయి చేసుకోరాదు.’

ట్యాంకరు మామయ్య బండి ఆపి దాన్ని పైకి చదివాడు. “చేతి సంగతి రాశారు కోడలా. బూటు సంగతి మర్చిపోయారు.”

ఆ తర్వాత జీపు నా వైపునుంచి వచ్చింది. ఎరుపు చూసి కూడా ఆపలేదు, నన్ను తోసుకుంటూ పోబోయింది. నేను పక్కకి దూకి, బోర్డు తిరగేసి గొట్టంతో హెడ్‌లైటు పగలగొట్టాను. వాడు దిగాడు. నా జుట్టు పట్టుకుని మొహం బానెట్‌కేసి కొట్టాడు. ముందుపన్ను ఒకటి ఆ బానెట్ మీదే రాలింది. ఆ మాటకొస్తే నేనూ ఊరుకోలేదు. గొట్టంతో భుజం మీద ఇచ్చిన దెబ్బకి ఏదో విరిగిన చప్పుడు నాకు హాయిగా వినిపించింది. ఇంకోటి వేసేలోగా గ్యాంగువాళ్ళు నన్ను పట్టుకున్నారు, లేకపోతే చంపేసేదాన్నే.

ఆ సాయంత్రం ఇల్లు తిరునాళ్ళయింది. ఉన్నవి రెండు గదులు, గ్యాంగు సగం మా వాకిట్లోనే. నేను వాచిన మూతితో కథ చెబుతుంటే అమ్మ మురిసిపోతూ నా తల నిమిరింది.

“నా కడుపున ఒక్క మగపిల్లాడు పుట్టాడ్రా,” అంది అందరితో. “ఇదిగో, ఇదే!”

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, పెదవి చిట్లి రక్తం వచ్చేదాకా. తమ్ముడు కూడా నవ్వాడు. కట్టు కట్టిన చేత్తోనే అందరి గ్లాసులూ తీసి, బయటికి తీసుకెళ్ళి కడిగాడు.

జీపువాడి భుజం విరిగిన గొడవకి పని రెండురోజులు ఆగిపోయింది. క్వారీ యజమానికి ఆ నష్టం తగిలేసరికి తన మనిషికి గట్టిగానే చీవాట్లు పెట్టాడట, ఇంకోసారి గొడవైతే ఉద్యోగం ఊడుతుందని. వాడు భుజం కట్టు విప్పి వచ్చినప్పట్నుంచి జీపు ఎర్రబోర్డు దగ్గర ఆగేది. నా దగ్గర మొహం తిప్పుకుని కూచునేవాడు. తమ్ముడి దగ్గర మాత్రం ఆగినంతసేపూ కిటికీలోంచి మొదలుపెట్టేవాడు.

“మీ అక్క చెప్పిందా నిలబడమని? పాలు తాగొచ్చావా? చెయ్యి ఎలా ఉంది, ఇంకోటి కూడా కాల్చమంటావా?”

ఇదంతా మామయ్య చెబితేనే నాకు తెలిసింది. “అల్లుడు ఏమనడు కోడలా. ‘ఆగండి బాబూ’ అని నవ్వుతాడు. ఆ నవ్వు నాకు నచ్చట్లేదు.”

“వాడెప్పుడూ అంతేలే మామయ్యా,” అన్నాను నేను. ఆ రోజుల్లో తమ్ముడు బోర్డుని పొద్దునా సాయంత్రం తడిగుడ్డతో తుడిచేవాడు. పని మీద శ్రద్ధ అనుకుని సంతోషించాను.

పడమట మబ్బు పట్టడం మొదలైంది. వానలకి ముందే తారు ముగించాలని గ్యాంగంతా మలుపు దగ్గర చెమటలు కక్కుతోంది. ఆ మిట్టమధ్యాహ్నం కిందినుంచి కాసిని బండ్లే ఉన్నాయి. రెండు కార్లు, ఒక బస్సు, వెనకాల నిండు ట్యాంకరు. మామయ్య చెయ్యి చాపాడు, కర్ర ఇచ్చాను, అద్దం ముందు నిలబెట్టుకున్నాడు. బస్సు మలుపు తిరిగిపోయింది. నీళ్ళ బరువుతో ట్యాంకరు మూలుగుతూ మెల్లగా ఎక్కుతోంది. పాట కూడా వినపడుతోంది.

తర్వాత వినపడింది పాట కాదు.

నేను పరిగెత్తాను. సగం దూరంలో ఉండగానే మలుపు చుట్టూ నీళ్ళు నాకెదురొచ్చాయి. రోడ్డంతా పరుచుకుని, దుమ్ము కలుపుకుని, నా చెప్పులు తడిపి దిగువకి పోయాయి. ఆ నీళ్ళలోనే ఎర్రగా ఒక చార ఉంది.

జీపు ముందుభాగం ట్యాంకరు కిందికి దూరిపోయింది. ట్యాంకరు లోయవైపు రెయిలింగుకి ఆనుకుని ఒరిగింది. మామయ్య ఛాతీని స్టీరింగు సీటుకి అదిమేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. అద్దం పగిలి ఒళ్ళో పడ్డ కర్రని వేళ్ళతో నెట్టాడు.

“అల్లుడికి... ఇంకా ఇవ్వలేదు కోడలా.”

అంతే. నోట్లోంచి రక్తం వచ్చి మాట ఆగిపోయింది. నేను కర్ర అందుకుని, ఆ చెయ్యి పట్టుకుని ఎంత పిలిచినా పలకలేదు.

అవతల గ్యాంగువాళ్ళు జీపువాణ్ణి బయటికి లాగారు. మోకాలి కింద కాలు తిరగబడి ఉంది. అలాగే రోడ్డు మీద పడేసి పారల కర్రలతో కొడుతున్నారు. “ఎర్రబోర్డు దూకి మనిషిని చంపుతావురా!” అంటూ ఒక్కొక్కడు ఒక్కొక్కటి వేస్తున్నాడు. అందరికంటే ముందు కొట్టాల్సినదాన్ని నేను. చెయ్యి లేచింది కూడా. అప్పుడు వాడి అరుపు విన్నాను.

“ఆగానయ్యా! ఆగాను! వాడే పచ్చ తిప్పాడు!”

ఆ మాట ఎవడూ పట్టించుకోలేదు. వేసవంతా రూలు తొక్కినవాడి మాట ఎవడు నమ్ముతాడు? నేను వాణ్ణి దాటుకుని పైకి నడిచాను.

తమ్ముడు తన చోట నిలబడి ఉన్నాడు. వెనకాల రోడ్డు ఖాళీ. రెండు చేతులతో బోర్డు నిటారుగా పట్టుకున్నాడు, సారు నేర్పినట్టే. పైనుంచి బండ్లొచ్చే వైపుకి పచ్చ.

ప్రమాదం జరిగితే రెండు చివరలా ఎరుపు ఉండాలి. ఆలోచించకుండానే గొట్టం పట్టుకుని తిప్పాను. వాడి చేతులు అడ్డం రాలేదు. బోర్డు ఎరుపయింది.

“కర్ర రాలేదుగా,” అన్నాను.

వాడు ఎర్రబోర్డు కేసి చూశాడు.

“కర్ర రాలేదుగా రా!”

“ఆ వేళకి వచ్చేది క్వారీ లారీయే అనుకున్నానక్కా. జీపు నుగ్గవుతుంది, లారీకి ఏమవుతుందిలే అనుకున్నా.” తర్వాత నా చేతిలో కర్ర చూశాడు. “మామయ్యేడి?” అన్నాడు. జవాబు నా మొహంలోనే కనపడి ఉండాలి, రోడ్డు మీదే గొంతుక్కూచున్నాడు.

నేను కిందికి పరిగెత్తి జీపువాడి మీద అడ్డం పడ్డాను. ఆగకుండా దిగిన పార కర్ర ఒకటి నా వీపున పేలింది. దీనికి మతి పోయిందన్నారు ఎవరో. వాడు నా జాకెట్టు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు వాడి మీద జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ పూట వాడు రూలు పాటించినందుకు దెబ్బలు తింటున్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి పొద్దు వాలింది. తమ్ముడు నేల చూస్తూ “ఆగలేదండీ” అన్నాడు. గ్యాంగంతా తలలూపింది. సేఫ్టీ సారు కూడా ఊపాడు. రేపు పొద్దున కొలతలు తీస్తాం, అందరూ ఉండాలని ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు. నేను నోరు తెరవలేదు. ఫిరంగి పేలకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు, దుఃఖం అనుకున్నారు.

ఇంట్లో అమ్మకి చెప్పాను. వాడి ఎదురుగానే చెప్పాను. అమ్మ గోడకి చేరగిలబడి కూచుంది.

“నా మాటకేనారా?” అంది. “ఏదో నవ్వులాటకి అన్నాను కదరా ఆవేళ.”

“కాదమ్మా,” అన్నాడు వాడు.

అమ్మ నావైపు తిరిగింది. “పోయినవాడు పోయాడు. ఉరుము ఉరిమి ఎవరిమీదో పడింది. ఆ కుంటివెధవ మాట ఎవడూ నమ్మడు. నువ్వు చెబితే తప్ప వీడికేం కాదు. పుట్టినప్పట్నుంచి వాగుతూనే ఉన్నావు, ఒక్కసారి నోరు మూసుకో.”

“మామయ్య నా చేతికిచ్చి పోయాడే అమ్మా.”

చెంప మీద కొట్టింది. పన్ను ఊడినచోట తగిలింది. మళ్ళీ కొట్టింది. ఆ దెబ్బలకి తట్టుకోవచ్చు. తర్వాత నా కాళ్ళు పట్టుకోబోయింది, అది తట్టుకోలేకపోయాను. వాడు మాత్రం కాలిన అరచెయ్యి చూసుకుంటూ కూచున్నాడు. చెప్పొద్దని నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

పొద్దున అమ్మ కూడా మాతో వచ్చింది. ట్యాంకరు తీసేశారు. రోడ్డు మీద నీళ్ళు ఇంకిన మరకా, గాజుపెంకులూ ఉన్నాయి. వంతులవారీ మళ్ళీ మొదలుపెట్టడానికి కింద బండ్లు బారులు తీరి ఎదురుచూస్తున్నాయి. నా బోర్డు నా చేతిలో, కర్ర నడుముకి దోపుకుని ఉంది.

ఇన్‌స్పెక్టరు టేపు చుట్టుకుంటూ అడిగాడు. “ప్రమాదం అయ్యాక పైకి మొదట వెళ్ళింది నువ్వేనంట. నువ్వెళ్ళేసరికి అతని బోర్డు ఏ వైపుంది?”

సేఫ్టీ సారు దగ్గాడు. “ఎరుపే అయ్యుంటుంది సార్, మా వాళ్ళు...”

“ఆమెని చెప్పనీ.”

తమ్ముడు తలెత్తి నన్ను చూశాడు. వేసవంతా మలుపు అవతల నిలబడ్డవాడు, ఆ పూట నాకు ఎదురుగా ఉన్నాడు.

“పచ్చ,” అన్నాను. “ఎరుపుకి తిప్పింది నేను.”

అమ్మ అరుస్తూ నా మీద పడింది. తల మీద, వీపు మీద, అందినచోటల్లా బాదుతోంది. నేను బోర్డు వదల్లేదు, పక్కకి దూకలేదు. ఎవరు ఆపుతారోనని చూసినవాళ్ళే అందరూ. ఆపింది తమ్ముడు. మధ్యలోకొచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు.

“కొట్టకమ్మా. బోర్డు పట్టుకున్నవాళ్ళని కొట్టకూడదు.”

అమ్మ చేతులు జారిపోయాయి. వాడు నావైపు చెయ్యి చాపాడు, ఆ కాలిన చెయ్యే. నేను నడుమునుంచి కర్ర తీసి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని, తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరుకి ఇచ్చాడు.

“ఇది నిన్న నాకు అందలేదండీ. అందకుండానే తిప్పాను.”

వాణ్ణి పోలీసు జీపెక్కించి పైదారిన తీసుకెళ్ళారు. అమ్మ ఇసుక బస్తా మీద కూలబడింది, నాకు వీపు పెట్టి. ఆ వీపు ఇన్నేళ్ళయినా ఇంకా పూర్తిగా నావైపు తిరగలేదు. నేను నా చోటికి దిగి, ఎరుపు పట్టుకుని నిలబడ్డాను. కర్ర ఇన్‌స్పెక్టరుతో పోయింది. కొత్తది ఇంకా రాలేదు, పైన నిలబడేవాళ్ళూ రాలేదు. బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు మొదలుపెట్టాయి. ముందున్న లారీవాడు దిగి, చేతులూపుకుంటూ నా మొహం మీదకి వచ్చాడు.

“అవతల ఎవరూ లేరని అందరికీ తెలుసు. ఎవరికోసం ఆపావమ్మా?”

“ఉన్నారనే అనుకోవాలి,” అన్నాను. బోర్డు తిప్పలేదు.